ఎడమ ముందుకాలు

కురోసకా కుడిచేతిని చంకలో పెట్టుకుని కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. చలికాలంలో ఆయన పని ఇలాగే మొదలవుతుంది. అరచెయ్యి చల్లగా ఉంటే ఏ గుర్రం కాలు ముట్టుకున్నా కాలుతున్నట్టే ఉంటుంది. ఆ తొందరలో బాగున్న గుర్రాన్ని పందెం మాన్పించి నవ్వులపాలైన ట్రైనర్లున్నారు. కురోసకాకు అరవై తొమ్మిదేళ్లు. ఆయన శాలలో గుర్రాలు ఐదు. వాటిని చూసేది ఆయనా, పనిమనిషి నాత్సుయే, ఇద్దరే.

నాలుగు గుర్రాల కాళ్లు తడిమాడు. బాగానే ఉన్నాయి. ఐదోది గోంతా, పదేళ్ల గుర్రం. ఆయన వంగి దాని ఎడమ ముందుకాలి వెనక నరం పట్టుకున్నాడు. వేడి తగిలింది.

"మీ చెయ్యి చల్లబడింది గురువుగారూ," అంది నాత్సుయే, పేడ ఎత్తుతూనే.

ఆయన మళ్లీ చెయ్యి చంకలో పెట్టుకున్నాడు.

ఆవేళ మిజుసావా మైదానంలో ఏడాది చివరి పందేలు. తర్వాత మంచు కరిగేదాకా మైదానం మూసేస్తారు. గోంతా మొదటి ఐదింట్లో వస్తే వసంతం దాకా ఉంచుకుంటానని దాని యజమాని ఓమియా మాటిచ్చాడు. రాకపోతే సాయంత్రం దాన్ని తీసుకుపోయేందుకు బండి వస్తుంది. దానితో పరిగెత్తేవి అంత గట్టి గుర్రాలేం కావు. ఐదోదిగానైనా వస్తుంది.

రెండోసారీ వేడే.

నాత్సుయే పార గోడకానించి బకెట్లో వేణ్నీళ్లు తెచ్చింది. "ఇందులో ముంచండి. ఆ చంకలో వేడెక్కేందుకు మీ ఒంట్లో రక్తమెక్కడుంది?"

"నీ నోరు మాత్రం ఏ కాలంలోనూ చల్లబడదే!"

చెయ్యి ముంచి, తుడుచుకుని, ముందు కుడికాలు పట్టుకున్నాడు. తర్వాత ఎడమకాలు. గోంతా మెడ వంచి ఆయన టోపీ వాసన చూసింది.

"నువ్వు పట్టి చూడు."

నాత్సుయే వంగింది. చాలాసేపు లేవలేదు.

"నాకేం తెలీట్లేదు," అంది చివరికి, చెయ్యి కోటుకు తుడుచుకుంటూ.

"ఇన్నేళ్లూ తెలిసింది, ఇవాళ తెలీట్లేదా?"

"పరిగెత్తనివ్వండి గురువుగారూ. ఒక్క పందెమేగా!"

"చివరి మలుపులో నరం తెగితే?"

అలా పడిన గుర్రాన్ని మైదానం దాటనివ్వరు, అక్కడే చంపేస్తారు.

"కుంటకుండా బండెక్కితే కబేళాకు పోకుండా ఎవరైనా సవారీకి తీసుకుంటారు," అన్నాడు. ఆ మాట గట్టిగా అనలేకపోయాడు.

పశువైద్యుడి గదికి వెళ్లి గోంతాను పందెం నుంచి తప్పించమని చెప్పాడు. తర్వాత ఓమియాకు ఫోన్ చేశాడు. ఓమియాది టోఫు కొట్టు. వెనకాల సోయాబీన్లు రుబ్బుతున్న చప్పుడు.

"పొద్దున్నే ఫోనా! మంచి కబురైతే కాదుగా?"

"కాదు. కాలు వేడిగా ఉంది."

చప్పుడు ఆగింది. "మీ చెయ్యి ఒక్కరోజు అబద్ధమాడకూడదా కురోసకాగారూ?"

"చాలాసేపు చూశాను."

"సరే మరి. బండికి చెప్పేస్తాను."

"చెప్పండి."

మధ్యాహ్నం మైకులో పందెం వినపడింది. ఆయన గడ్డి దులుపుతూ విన్నాడు. ఐదోదిగా వచ్చిన గుర్రాన్ని గోంతా అంతకుముందు రెండుసార్లు ఓడించింది.

"విన్నారా?" అంది నాత్సుయే.

"విన్నాను."

సాయంత్రం బండి వచ్చింది. నాత్సుయే గోంతా నాలుగు కాళ్లకూ పట్టీలు చుట్టింది, ఎడమ ముందుకాలికి రెండు వరసలు.

"సవారీకే," అన్నాడు డ్రైవరు, ఎవరూ అడక్కముందే. వచ్చిన ప్రతి డ్రైవరూ అదే అంటాడు. ఎక్కడికని అడగడం అక్కడి అలవాటు కాదు. కురోసకా కూడా ఇన్నేళ్లలో అడగలేదు.

"ఏ ఊరు?" అని ఇవాళ అడిగాడు.

డ్రైవరు తన చేతితొడుగుల వంక చూసుకున్నాడు. "నాతో సవారీ అనే చెప్పారండీ."

గోంతా కుంటకుండా, బండికి వాల్చిన చెక్క మీదుగా పైకెక్కింది.

బండి వెళ్లాక ఇద్దరూ గోంతా గదిలోని గడ్డి ఎత్తిపోశారు. నాత్సుయే గోడకున్న తాడు మీద చెయ్యి వేసింది. "దీన్ని తీసెయ్యనా?"

"ఉండనీ."

తాడుకు వేలాడుతున్న ఉప్పుగడ్డకు ఒకవైపు నాలుక తిరిగినంత మేర గుంట పడి ఉంది. అందులో తడి ఇంకా ఆరలేదు.