లేయమ్మకు పెట్టిన సున్నాలు

నేనొక హాజరు పట్టీని. నాలో పన్నెండు పేర్లున్నాయి. ఆ పన్నెండు మందిలో ఒక్కరు కూడా ఏ తల్లి కడుపునా పుట్టినవాళ్ళు కారు. అయినా వాళ్ళలో ఎవరు ఏ ఆదివారం మందిరానికి వచ్చారో, ఎవరు ఎందుకు ఎగ్గొట్టారో నన్నడగండి, చెబుతాను. బతికున్న మనుషుల పేర్లు మోసే పట్టీలకు కూడా తమవాళ్ళ గురించి ఇంత తెలియదు.

రాజమండ్రిలో ఒక బైండింగు షాపులో పుట్టాను. మస్తాన్ గారని ఒక పెద్దాయన నా కాగితాలు కుట్టి, ఉడికించిన మైదా జిగురు పూసి, వీపుకు ఎర్ర గుడ్డ అంటించాడు. రాత్రంతా బరువు కింద నొక్కిపెట్టి, పొద్దున తీసి వీపు మీద ఒక్కటి చరిచాడు. "వెళ్ళు, పిల్లల్ని జాగర్తగా చూసుకో" అన్నాడు. బడికి పోయే ప్రతి పట్టీతోనూ ఆయన ఆ మాట అనేవాడు.

గోదావరి చివర ఉన్న ఒక ఊళ్ళో, ఒక క్రైస్తవ సంఘం వాళ్ళు ఆదివారపు బడి కోసం మమ్మల్ని డజను కొనుక్కెళ్ళారు. పదకొండు మందికి పని దొరికింది. నన్ను మాత్రం "కొత్తది, ఉండనీండి" అని ప్రభురాత్రి భోజనపు గిన్నెలు పెట్టే బీరువాలో దాచారు. మనుషులకు ఇదొక అలవాటు. కొత్త వస్తువును పాతబడేదాకా దాచి, పాతబడింది కదా అని అప్పుడు వాడతారు. పద్నాలుగేళ్ళు ఆ బీరువాలో ఉన్నాను. ఒక్క పేరు కూడా లేని పట్టీకి రోజులు ఎలా గడుస్తాయో నన్నడగకండి.

నన్ను బయటికి తీసింది హెప్సీబా టీచరు.

అప్పటికి ఆవిడకు యాభై రెండేళ్ళు. వారమంతా ఎయిడెడ్ బడిలో మూడో తరగతికి, ఆదివారం మందిరంలో పిల్లలకు పాఠాలు చెప్పేది. సంఘం మాసపత్రికలో అత్తాకోడళ్ళవీ తోడికోడళ్ళవీ కథలు రాసేది. మందిరానికి నూరేళ్ళు నిండుతున్నాయని, ఆ సందర్భంగా ఒక నవల రాసిపెట్టమని కమిటీ ఆవిణ్ణి అడిగింది. "చదివినవాళ్ళ విశ్వాసం బలపడాలమ్మా. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికల్లా ప్రెస్సుకి ఇచ్చెయ్యాలి" అన్నారు సెక్రటరీ ఐజాక్ గారు. ఆయన దృష్టిలో విశ్వాసం బలపడటమంటే, చివరి పేజీలో ఎవరో ఒకరు ఏడుస్తూ బలిపీఠం దగ్గరికి పరిగెత్తడం.

టీచరు మూడు అధ్యాయాలు రాసి భర్తకు చదివి వినిపించింది. దైవసహాయం గారు పోస్టాఫీసులో రిటైరైన మనిషి. శ్రద్ధగా విన్నాడు.

"బావుందే. కానీ వీళ్ళు ఎప్పుడైనా అన్నం తింటారా?"

"అంటే?"

"అంటే, అందరూ ఇస్త్రీ బట్టలేసుకుని ఫొటోకి నిలబడ్డట్టున్నారు. ఒక్కడికీ చెమట పట్టలేదు."

టీచరు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ కాగితాలు చింపేసింది. తర్వాత చాలాసేపు ఆలోచించింది. ఇరవై రెండేళ్ళలో తన దగ్గర చదివిన పిల్లలు తనకెలా తెలిశారు? వచ్చినవాణ్ణి చూసి కాదు. రానివాడు ఎందుకు రాలేదో కనుక్కుని. ఆ మరునాడే బీరువా తెరిచి నన్ను సంచిలో వేసుకుంది.

పన్నెండు పేర్లు రాసింది. యోబు మాస్టారు, సంఘపెద్ద. శుభలత, పాటల అమ్మాయి. ఏలీషా, రేవులో పడవ మనిషి. లేయమ్మ, లేసు అల్లే ఆవిడ. ఇంకా ఎనిమిది మంది. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక నన్ను తెరిచి గట్టిగా పేర్లు పిలిచేది. వచ్చినవాళ్ళకు టిక్కు, రానివాళ్ళకు సున్నా. చివర ఉన్న గడిలో రాకపోవడానికి కారణం.

"శుభలతా!"

"ప్రజెంటు టీచర్" అనేవాడు దైవసహాయం గారు పక్క గదిలోంచి, గొంతు సన్నం చేసి.

"మీరు నోరు మూసుకోండి. అది ఇవాళ రాలేదు."

ఎందుకు రాలేదని ఎవరూ అడగక్కర్లేదు. కాసేపు కలం పట్టుకుని కూర్చుంటే ఆవిడకే తెలిసేది. 'శుభలత: కట్టుకోవాలనుకున్న చీర అక్క కట్టుకుపోయింది.' 'ఏలీషా: చెవిపోటు అన్నాడు. అబద్ధం, నిద్రపోయాడు.' 'యోబు మాస్టారు: మొదటి పాట తప్పు ఎత్తుకున్నారని పోయిన వారం అలిగారు.' వచ్చినవాళ్ళకు టిక్కు చాలు, కథ కావలసింది రానివాళ్ళకే. నెల తిరిగేసరికి ఆ పన్నెండు మందీ నా కాగితాల మీద దగ్గడం, గొణగడం, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. టీచరు వాళ్ళ వెనకాలే రాసుకుంటూ పోయింది. ఆ రోజుల్లో ఆవిడ చెయ్యి నా మీద ఎంత ధీమాగా కదిలేదో నాకింకా గుర్తే.

ఏడో ఆదివారం లేయమ్మ రాలేదు.

అలా జరుగుతుందని టీచరు అనుకోలేదు. లేయమ్మ నవలకు వెన్నెముకలాంటి మనిషి. సున్నా పెట్టి, కారణం గడి దగ్గర ఆగింది. 'మోకాళ్ళ నొప్పులు' అని రాసి కొట్టేసింది. పై వారం 'కోడలితో గొడవ' అని రాసి, లేయమ్మకు కోడలే లేదని గుర్తొచ్చి కొట్టేసింది. 'విశ్వాసం సన్నగిల్లింది' అని రాసింది. దాన్ని రెండు గీతలతో కొట్టేసింది. సున్నాలు పెరుగుతూ పోయాయి. వాటి పక్కన గడి ఖాళీగానే ఉంది. చివరికి ఐజాక్ గారు తొందరపెట్టగా పెట్టగా, చివరి అధ్యాయంలో లేయమ్మ చేత ఈస్టరు ఆరాధనలో ఏడిపించి, బలిపీఠం దగ్గరికి పరిగెత్తించింది. ఐజాక్ గారికి అది చాలా నచ్చింది. దైవసహాయం గారు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "ఈవిడెవరో కొత్తావిడే" అన్నాడు.

మట్టల ఆదివారం మూడు వారాల్లోకి వచ్చింది. అప్పుడు జరిగింది ఆ పొరపాటు.

సంఘానికి కొత్తగా సుందరపాల్ అనే పాస్టరు వచ్చారు. చిన్న వయసు, మహా చురుకు. వచ్చిన నెలలోనే మందిరం మానేసినవాళ్ళను, ఆ తప్పిపోయిన గొర్రెలన్నిటినీ వెతికి తెద్దామని, ఆదివారపు బడి బల్ల మీద ఉన్న పట్టీలన్నీ పోగుచేసుకుని వెళ్ళారు. టీచరు తన సంచి ఆ బల్ల మీదే పెట్టి పిల్లలకు వాక్యం వల్లె వేయిస్తోంది. అలా నేనూ ఆయన చేతిలో పడ్డాను.

ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఆయన నన్ను తెరిచి పైకెత్తారు.

"సహోదరి లేయమ్మ గారు పంతొమ్మిది వారాలుగా మందిరానికి రావడం లేదు. ఎందుకో కారణం కూడా తెలియదు. ఇంతమందిమి ఉండి ఒక ఆత్మను ఇలా వదిలేస్తామా? అందరం మోకరించుదాం."

బెంచీల మధ్య గుసగుసలు లేచాయి. "ఏ లేయమ్మండీ?" "స్టీమరు రోడ్డు లేయమ్మ అయ్యుంటదండి." "ఆవిడ పోయి రెండేళ్ళయిందిగా." "అయితే ఈవిడ వేరేనండి." ఐజాక్ గారు మాత్రం తల పంకించి, "తెలుసండీ, తెలుసు. చాలా మంచి మనిషి" అన్నారు. నాలుగు వందల మంది నా లేయమ్మ కోసం మోకాళ్ళ మీద పడ్డారు. టీచరు కూడా మోకరించి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వో ఏడుపో ఆవిడకే తెలిసినట్టు లేదు.

ఆరాధన అయ్యాక వెనక గదిలోకి వెళ్ళి ఒప్పుకుంది. "ఆవిడ నా నవల్లో మనిషండీ అయ్యగారూ."

పాస్టరు గారు నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశారు. "పది నిమిషాలు మోకాళ్ళ మీదున్నానమ్మా!"

"క్షమించండి."

"అది సరే." ఆయన నవ్వు ఆపుకుంటూనే నన్ను తిరిగిచ్చారు. "ఇంతకీ ఆవిడకేమైంది?"

"అదే తెలియడం లేదండీ."

బయట మెట్ల దగ్గర వజ్రమ్మ కాచుకుని ఉంది. ఎండురొయ్యలు అమ్ముకునే మనిషి. బుట్ట వాసన ఎవరికీ తగలకూడదని ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చుంటుంది.

"టీచరమ్మగారూ, ఆ లేయమ్మగారి ఇల్లెక్కడండీ? ఓసారి ఎల్లొత్తాను."

"లేయమ్మ అనే మనిషి లేదు వజ్రమ్మా. నేను రాసే పుస్తకంలో ఉంది. అంతే."

"లేని మనిషికి పంతొమ్మిది సున్నాలు ఎందుకెట్టేరండీ?"

టీచరు నవ్వబోయింది. వజ్రమ్మ నవ్వలేదు.

"పోనీలెండి, పుత్తకంలోదే అనుకుందారి. మరి ఆ పుత్తకంలో ఎవురన్నా ఆవిడింటికి ఎల్లేరాండీ?"

ఆ సంగతి నాకు తెలుసు. యోబు మాస్టారు లేయమ్మ కోసం నాలుగు పేజీల ప్రార్థన చేశాడు. శుభలత పాట పాడింది. ఏలీషా ఆవిడింటి ముందునుంచే పడవ కట్టడానికి వెళ్ళేవాడు. పంతొమ్మిది వారాల్లో ఒక్కరూ తలుపు తట్టలేదు.

మర్నాడు సాయంత్రం బడి వదలగానే టీచరు వజ్రమ్మ ఇంటికి వెళ్ళింది. సంచిలో నేనున్నాను. ఒకే సంఘంలో ఇరవై ఏళ్ళున్నా ఆ ఇంటి గడప తొక్కడం ఆవిడకు అదే మొదలు. వజ్రమ్మ కంగారు పడిపోయి, ఉన్న ఒక్క కుర్చీ దులిపి వేసింది. గోడ మీద ఆవిడ భర్త ఫొటో ఉంది.

"నిన్న ఆ మాట ఎందుకడిగావు వజ్రమ్మా?"

"ఊరికేనండి." గోడ మీది ఫొటో వైపు చూసింది. "మాయన పోయినేడాది... అదేనండి, ఎనిమిదేళ్ళ కితం. కామెర్లొచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, సంగమంతా ఇరవయ్యొక్క రోజులు ఒకరి తరవాత ఒకరు గొలుసు ప్రార్ధన ఎట్టేరు కదండీ. ఆదోరం మైకులో సాచ్చెం కూడా చెప్పేసేరు, దేవుడు బాగుచేసేసేడని. నాలుగు రోజులకి, లచ్చివారం పోయేడండి."

టీచరు ఒళ్ళో ఉన్న సంచి కింద పెట్టేసింది. "ఆ సాక్ష్యం చెప్పింది నేనే."

"మీరేనండి" అంది వజ్రమ్మ మామూలుగా. "సమాదుల తోటకి అందరూ వొచ్చేరు. ఆ తరవాత నన్ను చూత్తే మొకాలు పక్కకి తిప్పుకునీవోరు. పాపం, సిగ్గండి. నేను కనపడితే ఆ మైకులో మాట గేపకం వొత్తాది కదండీ. ఎందుకొచ్చిన బాదని నేనే రాడం మానేసేను. ఏడాదండి. నాకు సున్నాలెట్టినోరు కూడా లేరు."

"దేవుడి మీద కోపమొచ్చిందా?"

"ఆయన మీదెందుకండీ? బుట్ట నెత్తినెట్టుకుని ఊరంతా తిరుగుతా ఆయంతో మాటాడతానే ఉన్నాను. మీతోనే మాటల్లేవు."

"మరి మళ్ళీ ఎలా వచ్చావు?"

"అప్పటి పాస్టరమ్మగారు రొయ్యలకని వొచ్చి, ఇదిగో, ఇక్కడే కూకున్నారు. ప్రార్ధన మాటే ఎత్తలేదండి. మాయన ఫొటో ఏదీ, చూపించమన్నారు. అంతేనండి."

టీచరు కుర్చీలోంచి లేచి ఆ ఫొటో ముందు నిలబడింది. "ఈయన పేరు?" అని అడిగింది. వజ్రమ్మ చెప్పింది. తర్వాత ఇద్దరూ కింద చాప మీద కూర్చుని చాలాసేపు ఆయన గురించే మాట్లాడుకున్నారు. ఆయన చుక్కాని పట్టే తీరు, పెళ్ళికి కొన్న గడియారం, పులుసులో ఉప్పు ఎక్కువైనా కిక్కురుమనకుండా తినడం. లేచేటప్పుడు టీచరు, "నన్ను క్షమించు వజ్రమ్మా" అంది. "కూకోండి, టీ ఎడతాను" అంది వజ్రమ్మ.

ఆ కథ లేయమ్మకు పెట్టొచ్చా అని వజ్రమ్మను అడిగి, ఆవిడ సరేనన్నాకే టీచరు ఆ వారమంతా కూర్చుని చివరి అధ్యాయం తిరగరాసింది. నా గడిలో లేయమ్మ పేరు ఎదురుగా పంతొమ్మిది వారాలకూ కలిపి ఒక్కటే కారణం రాసింది: 'తనను చూసి సిగ్గుపడేవాళ్ళ మీద జాలితో.' ఈసారి కొట్టేయలేదు.

కమిటీ కూర్చుంది. ఐజాక్ గారు కాగితాలు బల్ల మీద పెట్టారు.

"ఇదేంటమ్మా? మందిరం నూరేళ్ళ పండగ నవల్లో లేయమ్మ మందిరానికే రాదా?"

"రాదండీ. మందిరమే ఆవిడింటికి వెళుతుంది."

"ఆ ముందుగా సాక్ష్యం చెప్పెయ్యడం, ఆయన పోవడం... అదంతా ఇప్పుడు అవసరమంటారా? బయటివాళ్ళు చదివితే ఏమనుకుంటారు?"

"ఆ సాక్ష్యం చెప్పిన మనిషి ఈ సంఘంలోనే ఉందండీ. తనే రాసింది. బయటివాళ్ళకు భయపడి రాయకపోతే, లోపలివాళ్ళకు ఏ ముఖం పెట్టుకుని చదివి వినిపించను?" గొంతు పెంచలేదు. మూడో తరగతి పిల్లలకు లెక్క చెప్పినట్టే చెప్పింది. "ఈ అధ్యాయం మారదు. వద్దనుకుంటే పుస్తకం మొత్తం నాకిచ్చెయ్యండి, తీసుకుపోతాను."

ఐజాక్ గారు పాస్టరు గారి వైపు చూశారు. పాస్టరు గారు అందరి వైపూ చూశారు.

"ఆ ఆదివారం లేయమ్మ గారి కోసం మనం ఎంతమందిమి మోకరించామండీ?"

"నాలుగు వందలకి తక్కువుండరండి."

"ఇల్లెక్కడని అడిగింది ఎందరు?"

ఐజాక్ గారు తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. కాగితాలు సర్ది, దారంతో కట్టి, "ప్రెస్సుకి నేనే తీసుకెళ్తానమ్మా" అన్నారు.

నవల అచ్చయింది. చాలా ఇళ్ళలో ఉంది. కొందరికి నచ్చింది. కొందరు, "లేయమ్మ చివరికి మందిరానికి వచ్చిందా లేదా? అది రాయలేదేం?" అని టీచరును దారిలో ఆపి అడుగుతుంటారు. వాళ్ళకు ఆవిడ నన్నెప్పుడూ చూపించలేదు. నేనిప్పుడు ఆవిడ వంటింటి అలమారలో, ఊరగాయ జాడీల పక్కన ఉంటున్నాను. బీరువా కంటే ఇది నయం. ఇక్కడ మాటలు వినిపిస్తాయి. సోమవారాలు వజ్రమ్మ వస్తుంది.

నాలో రాసిన ఆఖరి ఆదివారం ఏమిటో మీకు చెబుతాను. ఆ మధ్యాహ్నం టీచరు ఎప్పటిలాగే పేర్లు పిలిచింది. యోబు మాస్టారికి సున్నా. శుభలతకు సున్నా. ఏలీషాకు సున్నా. పక్క గదిలోంచి దైవసహాయం గారు, "ఏంటే, ఇవాళ క్లాసంతా ఎగ్గొట్టిందా?" అన్నాడు. పదకొండు సున్నాలు వరసగా పెట్టి, పదకొండు గడుల్లోనూ ఒకటే కారణం రాసింది: 'లేయమ్మ ఇంటికి వెళ్ళారు.' అన్ని సున్నాలు పెడుతూ ఏ టీచరూ అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

లేయమ్మ పేరు దగ్గర టిక్కు పెట్టలేదు, సున్నా పెట్టలేదు. గడి చాలకపోతే అంచు మీదికి కూడా పోనిచ్చి, చిన్న అక్షరాలతో ఇలా రాసింది: 'ఇంట్లోనే ఉంది. వచ్చినవాళ్ళకు గ్లాసులు చాలక, పక్కింటికి వెళ్ళి అడిగి తెస్తోంది.'