మూత బిగించిన రీలు

సినిమా హాలు ఆపరేటరు ఆ రేకు డబ్బాను పదిహేనేళ్లుగా కంటికి రెప్పలా కాచుకున్నాడు. గాలి చొరబడకుండా మూత బిగించి, చుట్టూ టేపు వేసి, ఇంట్లో బుద్ధుడి పటం కింద పెట్టాడు. చనిపోయిన అన్నయ్య తీసిన ఒకే ఒక్క సినిమాలో మిగిలిన చివరి రీలది. అందులో అన్నయ్యే ముసలి భిక్షువు. తను రాసిన పద్యం తనే చెబుతాడు:

పిడికిలి బిగిస్తే నీరు నిలవదు,
చాపిన చేతిలో వాన ఆగదు.
ఏ చెయ్యి చూసి ఏడవను, నాయనా?

ఆపరేటరు రోజూ పొద్దున్నే ఆ పద్యం చదువుకునేవాడు. డబ్బా మాత్రం తెరవలేదు.

వదిన ఆ రీలు ఎన్నడూ చూడలేదు. చూస్తే తట్టుకోలేనంది. ఇప్పుడు చూపు తగ్గిపోతోంది, ఆర్నెల్లకంటే నిలవదన్నాడు డాక్టరు. అందుకే ఇవాళ ఖాళీ హాల్లో ముందు వరసలో కూర్చుంది.

“ఏం మరిదీ, మీ అన్నయ్యకు మేకప్ ఇంకా అవలేదా? పెళ్లిలోనూ ఇంతే, గంట ఆపాడు.”

పైన గదిలో అతను మూత తీశాడు. ముక్కు బద్దలయ్యే పులుపు వాసన. ఫిల్మ్‌కు గాలి తగలాలి. తగలకపోతే తన ఆవిరికి తనే కుళ్లిపోతుంది. హాల్లోని మిగతా రీళ్లన్నీ ఏడాదికోసారి విప్పి ఆరబెట్టినవాడికి ఆ సంగతి తెలియక కాదు. అన్నయ్య దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు, అంతే.

ఫిల్మ్ చుట్ట ముద్దకట్టింది. లాగితే జానెడు ముక్క ఊడొచ్చింది. దాన్నే పట్టుకుని కిందికి దిగాడు.

వదిన దీపానికెదురుగా పెట్టి చూసింది. “ఎక్కడా?”

“ఇక్కడే ఉండాలి.”

చాలాసేపు చూసింది. “ఏమీ లేదు. అప్పుడే పోయాయేమిటి నా కళ్లు?”

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

“నీ కళ్లు కాదు వదినా. బొమ్మే ఊడిపోయింది. మూత అంత గట్టిగా బిగించింది నేనే.”

ఆమె ముక్కను ఒళ్లో పెట్టుకుంది. “దాచావు కదా పాపం,” అంది. “పోనీ ఆ పద్యమన్నా చెప్పు.”

మొదలుపెట్టాడు. రెండో పాదంతోనే ఆపేశాడు.

“సర్లే, పద ఇంటికి. ముందు చేతులు కడుక్కో, వాసనొస్తోంది.”

కుళాయి దగ్గర చూసుకున్నాడు. బొటనవేలికి నల్లటి పొర అంటుకుని ఉంది. అది అన్నయ్య ముఖమో, వెనకున్న గోడో పోల్చుకోలేకపోయాడు. ఆ వేలొక్కటీ పక్కకు పెట్టి, మిగతా చెయ్యంతా కడుక్కున్నాడు.