కర్పూరం వేసిన ఆదివారం

నేను ఒక ఇనప గుంటగరిటెను. పోపు వేయడానికని కమ్మరి నన్ను సాగగొట్టాడు. కొలిమిలో ఎర్రగా కాలి నీళ్లలో చుయ్యిమని మునిగిన నాటి నుంచీ నిప్పంటే నాకు వణుకు. అయినా నా ఉద్యోగం పొయ్యి మీదే!

రాజమండ్రిలో వీరమణి గారి వంటింట్లో చాలా ఏళ్లు ఆవాలు చిటపటలాడించాను. పిడి వదులయ్యాక నన్ను తలనూనె కాచడానికి మార్చారు. ఇక పప్పు దగ్గరికి రానివ్వలేదు.

వీరమణి చెల్లెలి కూతురు హైమ ఆ ఇంట్లోనే ఉండేది. బట్టల కొట్లో పని. చీర మడత విప్పి, తన భుజం మీద వేసుకుని కొనేవాళ్లకు చూపించాలి. ఆ చలికాలం ఆమెకు చుండ్రు పట్టింది. నేరేడుపండు రంగు పట్టుచీర మీద తెల్లటి పొట్టు రాలడం చూసి ఒకావిడ మొహం చిట్లించి వెళ్లిపోయిందట. "తల సంగతి చూసుకోమ్మా, లేదంటే పని మానెయ్" అన్నాడట యజమాని.

హైమకు బెంగ పట్టుకుంది. గోళ్లతో గీరి గీరి మాడు పుండు చేసుకుంది. వీరమణి రోజూ పడుకునే ముందు నూనె పట్టించేది. పొట్టు అణిగినట్టే అణిగి, ఇంకా ముదిరేది. మందు పనిచేయకపోతే మరికాస్త దట్టించడం మనుషుల అలవాటు.

ఆదివారం పొద్దున వీరమణి, "కర్పూరం వేసి కాస్తే దెబ్బకి పోద్దే, చూడు" అంటూ నా నిండా కొబ్బరినూనె పోసి, గుప్పెడు బిళ్లలు వేసి స్టవ్ మీద పెట్టింది. తువ్వాలు తేవడానికి వెళ్లింది. కర్పూరం కరిగింది. ఘాటు పొగ లేచింది. దించండి అని అరవడానికి నాకు నోరేదీ?

భగ్గుమంది.

జుట్టు విరబోసుకున్న హైమ పరుగున వచ్చి నన్ను ఎత్తింది. మంట ఆమె జుట్టుకు జానెడు దూరంలో ఊగింది. నా వదులు పిడి తిరిగిపోయింది. సలసల కాగే నూనె ఆమె మణికట్టు మీద చింది పడింది. ఆమె కుళాయి వైపు తిరిగింది.

"నీళ్లొద్దే! కింద పెట్టెయ్! కింద పెట్టి ఇవతలికి రా!" తువ్వాలుతో వచ్చిన వీరమణి గుమ్మంలోంచే అరిచింది.

హైమ నన్ను గట్టు మీద వదిలేసి వెనక్కి దూకింది. వీరమణి సత్తు మూత తెచ్చి నా మీద బోర్లించింది, స్టవ్ కట్టేసింది. ఆ చీకట్లో మంట నా కడుపులోనే కొట్టుకుని చచ్చింది. బయట ఇద్దరి ఏడుపూ వినిపించింది.

కాలిన చెయ్యి చూపించడానికి వెళ్లిన హైమ, డాక్టరుకు తల కూడా చూపించుకుంది.

"నూనెతో చుండ్రు పోదంట దొడ్డమ్మా. రాత్రంతా ఉంచితే ఇంకా ముదురుద్దంట. రాసుకోవాలనిపిస్తే స్నానానికి గంట ముందు కొంచెం రాసి, శుభ్రంగా కడిగెయ్యాలంట. మందు షాంపూ వారానికి రెండుసార్లు. గోళ్లు తగలనివ్వొద్దన్నాడు."

వీరమణి నన్ను తీసి పాత ఇనుము బుట్టలో పడేసింది. తలనూనె సీసా కూడా అటక మీదికెక్కింది.

మాడు పుండ్లు మానాయి, పొట్టు తగ్గింది, కొట్లో పని నిలిచింది. ఒక సెలవు రోజు హైమ తనే ఆ సీసా దించి, వీరమణి కాళ్ల దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"నా వల్ల కాదే" అంది వీరమణి. చేతులు ఒళ్లోకి లాక్కుంది.

హైమ ఆ చేతుల్ని పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "కాచొద్దులే దొడ్డమ్మా. ఇలాగే పెట్టు. నాకూ భయంగానే ఉంది."