రెండో పేజీ అడుగున

ఉద్యోగానికి నింపుతున్న ఫారంలో ఒక్క గడి మిగిలింది: మీ పేపరుకు ఇప్పటివరకు ఎన్ని సైటేషన్లు వచ్చాయి? అంటే, ఎంతమంది తమ పేపర్లలో దాని ప్రస్తావన తెచ్చారని. సిద్ధాంత భౌతికశాస్త్రంలో తలమునకలైన అక్క ఏడాదిగా ఆ లెక్క చూడటమే మానేసింది. చూసి ఏం లాభం? అప్పట్లో సున్నా. మధ్యాహ్నం మూడింటికి ఇంటర్వ్యూ. వంద లేనివాళ్ళకు పర్మినెంటు ఉద్యోగం కల్లని అందరికీ తెలుసు. ఈసారీ రాకపోతే శాస్త్రానికి ఓ నమస్కారం పెట్టేసి, చెల్లెలి దర్జీ షాపులో గుండీలు కుట్టుకుంటానని ఒట్టు కూడా పెట్టుకుంది.

ఒక కన్ను మూసుకుని చూసింది. నూట ముప్పై ఒకటి.

రెండో కన్నూ తెరిచింది. అదే అంకె! ఇక ఆమెకు కాళ్ళు నేలమీద ఆనలేదు. కింద షాపులోకి పరిగెత్తి, చెల్లెల్ని కుట్టుమిషను ముందునుంచి లాగి గిరగిరా తిప్పేసింది. దారపు ఉండలు దొర్లాయి. కొలతలివ్వడానికి వచ్చి నిలబడ్డావిడ, ఇంట్లో ఏదో పెళ్ళి కుదిరిందనుకుని చప్పట్లు కొట్టింది.

"ఇంతకీ వాళ్ళంతా ఏమని రాశారక్కా?" అంది చెల్లెలు రొప్పుతూ.

ఆ వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే అక్కకూ ఉంది: లెక్కపెట్టడమే గాని చదవడం లేదు. గబగబా ఫోన్‌లో మొదటిది తెరిచింది. "ఈ పేపరులో ఆఖరి జవాబుకు గుర్తు తప్పు, ప్లస్ ఉండాల్సినచోట మైనస్ ఉంది." రెండోదీ అదే. పదోదీ అదే వాక్యం, కామాతో సహా.

"ఇంతమంది కలిసి నన్ను తప్పంటున్నారే! ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అంటూ గుడ్డల గుట్టమీద కూలబడింది.

చెల్లెలు దొర్లిన దారపు ఉండలు ఏరి పక్కన పెట్టింది. "రెండో పేజీ అడుగున నేను పోట్లాడి మరీ రాయించానుగా, అది చూశారా వాళ్ళు?"

అక్క గభాలున లేచి కూర్చుంది. లెక్కల్లో కాలానికి ప్లస్, దూరానికి మైనస్ పెట్టేవాళ్ళు కొందరు, తిరగేసి పెట్టేవాళ్ళు కొందరు. రెండూ సరైనవే, కాకపోతే జవాబు గుర్తు తిరగబడుతుంది; ఏది పెట్టామో చెబితే చాలు. అప్పట్లో ఈ సంగతి వినిపిస్తే చెల్లెలు వదిలిపెట్టలేదు. "గుడ్డకి పైవైపేదో ముందే సుద్దతో గుర్తు పెట్టకపోతే చొక్కా తిరగబడుతుంది. ఆ ముక్క రాయి." తను ఏ పద్ధతి పెట్టిందో చెబుతూ అలా రాసిన వాక్యం అది.

మూడింటికి గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మెల్లగా అన్నాడు, "అమ్మా, ఈ సైటేషన్లన్నీ మీ గుర్తు తప్పని చెప్పేవే. వాటిలో ఒకటి నేనూ రాశాను."

"రెండో పేజీ అడుగున ఏముందో ఒక్కసారి చూస్తారాండీ?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. ఎరుపు చెవులదగ్గర మొదలై బట్టతల దాకా పాకింది.

"దీన్ని ఎవరూ చదవలేదా?"

"మీరు చదివారాండీ?"

ఆయన పకపకా నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. "మీ గుర్తు సరిగ్గానే ఉందమ్మా, తిరగేసి చూసింది మేమే. నా తప్పు ఒప్పుకుంటూ రేపే ఇంకో పేపరు రాస్తాను. అది మీకు నూట ముప్పై రెండోది."

"మరి ఉద్యోగమండీ?"

పక్కవాళ్ళిద్దరి వైపూ చూశాడు. ఇద్దరూ తలలూపారు. "అది ఎప్పుడో ఇవ్వాల్సింది."

అక్క ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చీ రాగానే చెల్లెల్ని వాటేసుకుంది. "వచ్చిందే! ఈ లోకం మొత్తంలో నా పేపరు చదివింది నువ్వొక్కదానివేనే!"

చెల్లెలు సిగ్గుపడిపోయింది. "పూర్తిగా చదవలేదక్కా. మూడో పేజీలో నిద్రొచ్చేసింది."

అక్కకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"అయితేనేం, వాళ్ళందరికంటే రెండు పేజీలు ఎక్కువే చదివావు."