మిట్ట కింది మట్టి

మట్టి పరీక్షల ఆఫీసు గోడ మీద ఏడో ఇటుక దాకా వరద నీళ్లొచ్చిన ఏడాది అది.

నీళ్లు తీశాక గదంతా తడిమట్టి వాసన. పిడికిట్లోకి తీసుకుంటే చల్లగా, మెత్తగా... వేళ్ల సందుల్లోంచి జారిపోయే మట్టి.

ఆ చల్లదనం ఆ ఏడాది అతని వేళ్లకు అందలేదు.

ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

అందరూ అతన్ని బరమా అనేవారు. నేలలోకి ఇనప బరమా దించి, మెలితిప్పి, అడుగుమట్టి పైకి తీయడం అతని పని. చదివింది మూడో తరగతి, అదీ ముక్కుతూ మూలుగుతూ. మట్టిని మాత్రం గడగడా చదివేవాడు. సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్లు. చిన్న ముద్ద. చూపుడువేలి మీద పెట్టి బొటనవేలితో ముందుకు నెట్టడం — అంతే. బంకమట్టి పట్టీలా సాగుతుంది. ఇసుకమట్టి అంగుళం దాటకుండానే తెగుతుంది.

సాగుతుంది... తెగుతుంది...

పక్కన ఆఫీసరు. మోకాళ్ల మీద ఆ చుట్టుపక్కల నేలల పటం.

"నీ వేళ్లేమంటున్నాయి?"

ఆయన అడిగేది ఆ ఒక్క మాటే. వేళ్లు ఏమంటే అదే రాసుకునేవారు. ఆ రంగే వేసేవారు. బంకకు ఊదా. ఇసుకకు పసుపు.

ఎన్ని చేలు తిరిగారో! ఎండలో ఒకటే గొడుగు. ఒక టీ, రెండు గ్లాసులు. గంటలకు గంటలు మాటల్లేవు. ఎక్కడో పిట్ట అరిస్తే ఇద్దరూ తలెత్తేవారు. మళ్లీ దించేవారు.

అవే వాళ్ల కబుర్లు.

వరదకు ఆఫీసులో యంత్రాలు మునిగాయి. రాసుకున్న పుస్తకం, రంగులేసిన పటం నాని ముద్దయ్యాయి. చేలల్లో తీసిన మట్టి సంచులు పై అరలో ఉండి బతికాయి.

"నీ వేళ్లున్నాయిగా, మళ్లీ రాసుకుందాం," అన్నారు ఆఫీసరు.

కానీ అప్పటికి మూడు రోజులుగా అతను నేల కడుగుతున్నాడు. బకెట్లో బ్లీచింగు పొడి, ఉత్త చేతులు. వేళ్ల కొనలు పొరలు పొరలుగా ఊడాయి. నీళ్లు తగిలితే నిప్పు తగిలినట్టే.

చాలా సంచులు చూపుతోనే గుర్తుపట్టాడు. ఒక్కటి మాత్రం చిక్కలేదు. మిట్ట కింది చేను సంచి. ఒకసారి చూస్తే బంక. మరోసారి చూస్తే ఇసుక.

నొక్కాడు. మంట. గట్టిగా నొక్కలేకపోయాడు. ముద్ద తెగింది.

మట్టి తెగిందా... వేలు వెనక్కి తగ్గిందా...

తెలియడం లేదు సార్ — అనాల్సింది. ఎన్నడూ అనని మాట అది. ఆఫీసరు తల పటం మీదే ఉంది.

"ఇసుక," అన్నాడు.

పసుపు పడింది.

పటం అచ్చయింది. మూలన ఆఫీసరు పేరు. ఏళ్లు గడిచాయి. ఆఫీసరు తను కొలిచిన మట్టిలోకే వెళ్లిపోయారు. అతని వేళ్లకు కొత్త చర్మం వచ్చింది. అదీ ముడతలు పడింది.

ఒక సాయంత్రం ఆఫీసరు కూతురు వచ్చింది. ఇప్పుడు ఆ ఆఫీసులో ఆమే మట్టి చూస్తుంది. ఆ పాత పటాన్నే రైతుల ఫోన్లలోకి ఎక్కిస్తున్నారట.

"మిట్ట కింద బంక అంటాడొక రైతు. పక్కాయన ఇసుకే అంటాడు. మా ఆఫీసువాళ్లేమో, నాన్న అక్కడికి వెళ్లనేలేదు, కుర్చీలో కూర్చుని రంగేశాడంటున్నారు. పటం మీంచి ఆయన పేరు తీసేస్తారట బాబాయ్. మీరిద్దరూ వెళ్లారా?"

"వెళ్లాం."

ఆమె ఇంకా ఏదో వస్తుందని చూసింది.

"ఈయన నోట్లోంచి మాట రావాలంటే ఆ బరమాయే దించాలమ్మా," అంది అతని భార్య, టీ అందిస్తూ. అమ్మాయి నవ్వింది. కళ్లు నవ్వలేదు. అచ్చం వాళ్ల నాన్న కళ్లు — పటం మీద వంగినప్పటి కళ్లు.

మర్నాడు పొద్దున్నే అతను ఆమె ఇంటి తలుపు కొట్టాడు. భుజాన తుప్పు గీకిన బరమా. చేతిలో నీళ్ల సీసా.

మిట్ట కింద చేను అలాగే ఉంది. గొడుగు లేదు. పిట్ట ఉంది.

బరమా దించాడు. మెలితిప్పాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. అడుగుమట్టి పైకొచ్చింది. నాలుగు చుక్కల నీళ్లు. చిన్న ముద్ద. ఆమె పుస్తకం తెరిచింది.

"ముందు ఇది రాసుకో అమ్మాయ్," అన్నాడు. "ఆ ఏడాది నా వేళ్లకు చర్మం లేదు. మీ నాన్నకు చెప్పలేదు. ఇసుకన్నది నేను."

ఆమె కలం ఆగింది. పిట్ట అరిచింది. ఇద్దరూ తలెత్తారు.

మళ్లీ దించారు.

"ఇప్పుడు... ఏమంటున్నాయి బాబాయ్, నీ వేళ్లు?"

ముద్ద మీద బొటనవేలు ఆనించాడు.

చల్లగా... మెత్తగా...

నెట్టడం మొదలుపెట్టాడు.