తడి పొట్లాలు

భవనం వెనక బట్టీ నడిపే ఆయన మసిచేతులతో ఒక చెత్తసంచీ తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. అన్ని ఇళ్ళ పొడిచెత్తనూ గాలి చొరకుండా ఇనుప డ్రమ్ములో వేయించి, నల్లబడినదాన్ని ఇటుకలుగా అచ్చుపోస్తాడు. అందరి స్నానాలకూ నీళ్ళు కాగేది ఆ ఇటుకలతోనే. తడి చేరితే వాయంతా పాడు.

"నిన్నటి వాయి పొగే తప్ప బొగ్గవలేదమ్మా. ఎవరో వాడేసిన డైపర్లు కలిపేస్తున్నారు. ఇవాళ ఈ సంచీ బరువుగా ఉంది. ఈ మెట్లెక్కే ఇళ్ళవాళ్ళదే."

"చన్నీళ్ళు పోసుకుని మా ఆయన తుమ్ముతూనే ఉన్నారు. జలుబు ఆయనకి, చీవాట్లు నాకు," అంది పక్కింటావిడ.

"చంటివాడున్నది మీ ఇంట్లోనే కదా వదినా," అంది, పక్క వాటాలో మామగారితో ఉండే కోడలు.

"మావాడివి వేరే సంచీలో పెడుతున్నాను. వాడి మీద ఒట్టు!"

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవడమెందుకు? విప్పితే తేలిపోతుంది."

"పోనీండమ్మా, ఇకమీదట చూసుకుంటే చాలు," అన్నాడు బట్టీ ఆయన.

మెట్ల మీంచి మామగారు పిలిచారు. "అమ్మాయ్, వదిలేయ్. లోపలికి రా."

"మీరుండండి మామయ్యగారూ. తప్పెవరిదో తేలాలి." ఆమె వెనక్కి తిరగలేదు. తనే సంచీ మూతి విప్పి బోర్లించింది.

పాత పేపరు పొట్లాలు దొర్లాయి. ప్రతిదాని అంచూ లోపలికి మడిచి, తెల్లదారంతో సన్నగా, ఒక్కతీరుగా కుట్టి ఉంది. ఆ కుట్టు అందరికీ తెలిసిందే. జీవితమంతా బట్టలు కుట్టిన మామగారు, ఇప్పటికీ ఆ మెట్లవాళ్ళందరి చిరుగులూ కుట్టిపెడతారు. ఒక పొట్లం పగిలింది. అందులోని డైపరు చంటిపిల్లలకు సరిపోయేది కాదు.

పక్కింటావిడ నాలుగు మాటలు దులిపేసినా బాగుండేది. "పొయ్యి మీద పాలున్నాయి," అని గబగబా మెట్లెక్కేసింది.

'నావే' అని కోడలు తన మీద వేసుకుంటే పోయేది. ఆమె ఆ పని చెయ్యలేదు.

"నావేనయ్యా," అన్నారు మామగారు, మెట్ల కమ్మీ పట్టుకుని. "గట్టిగా కుడితే తడి బయటికి రాదనుకున్నాను. వేరే సంచీ పెడితే ఇంట్లో తెలిసిపోతుందని..."

బట్టీ ఆయన తల వంచుకుని పొట్లాలన్నీ మళ్ళీ సంచీలో వేసుకున్నాడు.

మధ్యాహ్నం మామగారు అన్నానికి కూర్చున్నారు. కోడలు నీళ్ళు పోస్తుంటే, గ్లాసు సగమైనా కాకముందే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలమ్మా."

కొన్నాళ్ళుగా ఇంతే. పెద్దవాళ్ళకి దాహం తక్కువేమో అనుకుందామె.

"నిండా తాగండి మామయ్యగారూ. ఎండలుగా ఉన్నాయి."

"వద్దమ్మా." ఆయన కంచంలోకే చూస్తున్నారు. "ఇవాళ నావల్ల నీకు నలుగురిలో తలవంపులైంది. నీళ్ళు ఇంకా తగ్గిస్తాలే."

ఆమె సీసా పట్టుకుని అలాగే నిలబడింది. పోయనూ లేదు, మూత పెట్టనూ లేదు.