గొడుగు పెట్టిన శిరస్త్రాణం

మా ఆయన వార్తాన్‌కి మా లాయరు నేర్పింది ఒక్కటే ముక్క. “సినిమాకి మీరు చేసిచ్చిన ఆ శిరస్త్రాణం తలకి పెట్టుకునే వస్తువు, అంతే అనండి. వాడుకునే వస్తువుకి కాపీరైటు ఉండదు; శిల్పమన్నారో, ఉంటుంది, ఆ హక్కంతా చేయించుకున్న సినిమా కంపెనీదే. ఇక మీరు నకళ్ళు చేసి అమ్ముకోలేరు.”

కాఫీ తాగినప్పుడల్లా నేనే వల్లె వేయించాను.

కంపెనీ మా మీద వేసిన దావాలో వాంగ్మూలానికి వెళ్ళిన రోజున వాన. లాస్ ఏంజెలెస్‌లో వానే అరుదు కనుక, కంపెనీ లాయరు మిస్ ప్రెస్కాట్ ఆఫీసులో గొడుగు పెట్టే చోటే లేదు. బల్ల మీద మాత్రం ఈయన చేసిన రాక్షసరాజు శిరస్త్రాణం ఉంది.

“ఇది శిల్పమా?” అని అడిగిందావిడ.

“టోపీ అండీ. నెత్తిన పెట్టుకునేది.”

“మరి కొమ్ములెందుకు?”

“పిల్లలు జడుసుకోవద్దూ?”

“అంటే కళేమీ లేదంటారు.”

“బకెట్‌లో ఎంతుందో అంత.”

హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆ మహాతల్లి శిరస్త్రాణాన్ని తిరగేసి, నీళ్ళోడుతున్న గొడుగును అందులో నిలబెట్టింది. “బకెట్టేగా!”

గొడుగు మొన లోపలి రంగును గీరింది. వార్తాన్ మెడ నరాలు ఉబ్బాయి. బల్ల కింద ఆయన కాలు తొక్కాను. మడమతో మళ్ళీ తొక్కాను.

“తియ్యి దాన్ని! చర్చిలో కూడా ఇలాగే గుచ్చుతావా గొడుగు? నా చేత్తో మలిచిన శిల్పం అది!”

మూల కూర్చున్న గుమస్తా ఆ మాటా టైపు చేసేశాడు.

మిస్ ప్రెస్కాట్ గొడుగు తీసి, తన రుమాలుతో శిరస్త్రాణం లోపలంతా మెల్లగా తుడిచింది.

“మేమూ మొదట్నుంచీ అదే అంటున్నామండీ.”